దగ్గర్లోనే ఉంది లా కాలేజీ

2009 ఎండాకాలంలో నాకో పని వచ్చి పడింది. కొత్తపేటలో స్థలం ఉన్న ఒక రిటైర్డ్ టీచరుగారు అక్కడ ఆడవాళ్ళ కోసం లా కాలేజీ పెడితే ఎలా ఉంటుందని మమ్మల్ని అడిగారు. ఆవిడ పేరు రాయను, రాస్తే ఇష్టపడే మనిషి కాదు. ఆ స్థలం ఆవిడ తన జీతంతో కొనుక్కున్నది. పుట్టింటి భూమిలో వాటా కోసం మాత్రం ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగి, ఒక్క గుంట కూడా తెచ్చుకోలేకపోయారు. "నా గొడవేంటో ముందు నాకే అర్థమయ్యేలా చెప్పినవాళ్ళు లేరమ్మా. చెప్పేవాళ్ళని తయారుచేద్దాం" అన్నారు.

మేం నలుగురం. ఒక అడ్వకేటు, ఒక సోషియాలజీ లెక్చరరు, లెక్కలు చూడటానికి ఒక రిటైర్డ్ ఆడిటరు, చరిత్ర పాఠాలు చెప్పుకునే నేను. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ వైపు లా కాలేజీ అవసరం ఉందా లేదా అన్నది ప్రశ్న. ఆ ప్రాంతం సంగతి, ఇప్పటికే ఉన్న కాలేజీల సంగతి రాయడం నా వంతు. రాశాను. చివరి వాక్యం నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఈ ప్రాంతంలో కొత్త లా కాలేజీ అవసరం కనిపించడం లేదు." మిగతా ముగ్గురూ ఒప్పుకున్నారు. టీచరుగారు ఆ స్థలాన్ని తర్వాత ఒక హాస్టలుకిచ్చేశారు. ఇప్పుడావిడ లేరు.

నేను రాసినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఎన్.టి.ఆర్. నగర్లో మహాత్మాగాంధీ లా కాలేజీ ఉంది. కోఠి మీదుగా బస్సెక్కితే బషీర్‌బాగ్‌లో ఉస్మానియా వాళ్ళ పి.జి. లా కాలేజీ, చిక్కడపల్లిలో పెండేకంటి లా కాలేజీ, ఇటు క్యాంపస్‌లో యూనివర్సిటీ లా కాలేజీ. నగరానికి ఉత్తరాన శామీర్‌పేటలో 1998 చట్టంతో వచ్చిన నల్సార్ సరేసరి. మ్యాపు మీద చుక్కలు పెట్టుకుంటూ పోతే తూర్పు హైదరాబాదు లోటున్న ప్రాంతంలా ఎక్కడా అనిపించదు. నేను చుక్కలు పెట్టాను, దూరాలు కొలిచాను, సంతకం చేశాను. ఆ సంతకం గురించే ఈ వ్యాసం.

ముందు ఆ చోటు గురించి కొంచెం చెప్పాలి. 1978లో హైదరాబాదు చుట్టుపక్కల గ్రామీణ ప్రాంతాన్ని విడదీసి కొత్త జిల్లా చేశారు. దానికి పెట్టింది కొండా వెంకట రంగారెడ్డి పేరు. ఆయన నిజాం కాలపు వకీలు. అలా వకీలు పేరున్న జిల్లాకి కోర్టు ఎల్.బి. నగర్లో వెలిసింది. 2007లో ఎల్.బి. నగర్, గడ్డి అన్నారం మునిసిపాలిటీలు గ్రేటర్ హైదరాబాదులో కలిసిపోయాయి. 2016లో జిల్లానే మూడు ముక్కలయింది, కలెక్టరేటు 2022లో కొంగరకలాన్‌కి వెళ్ళింది. కోర్టు మాత్రం ఎల్.బి. నగర్లోనే ఉంది. విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు కలిసే చోటది. నల్లగొండ నుంచి, దేవరకొండ నుంచి బతకడానికి వచ్చిన కుటుంబాలు సరూర్‌నగర్, చైతన్యపురి, వనస్థలిపురం, హయత్‌నగర్‌లలో స్థిరపడ్డాయి. దిల్‌సుఖ్‌నగర్ వాళ్ళ పిల్లలకి కోచింగు సెంటర్ల ఊరయింది. బ్యాంకు పరీక్షలకి, గ్రూప్స్‌కి, కంప్యూటరు కోర్సులకి గోడల నిండా బోర్డులు. ఆ బోర్డుల్లో ఏదో ఒకటి చదువుకుంటూనే మనందరం ఆ రోడ్డు మీద బస్సు కోసం నిలబడినవాళ్ళమే.

రోడ్డు వెడల్పవుతున్నకొద్దీ భూమి ధర పెరిగింది. ధరతోపాటే తగాదాలూ పెరిగాయి. ఈ జిల్లా కోర్టులో భూమి కేసులు ఎందుకంటుకున్నాయో చెప్పక్కర్లేదు. ఆడపిల్లల వాటా కథ కూడా ఇక్కడే ముడిపడుతుంది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన హిందూ వారసత్వ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కిచ్చింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి కాదు. మా టీచరుగారి పెళ్ళి అంతకు చాలా ఏళ్ళ ముందే అయింది. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ పెళ్ళి అడ్డంకిని తీసేసింది. అప్పటికి ఆవిడ నాన్న పోయారు. తండ్రి బతికిలేకపోయినా కూతురికి హక్కుంటుందని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది 2020 ఆగస్టులో. అంటే ఒక మనిషి జీవితమంతా రెండు తేదీల మధ్య సందులో ఇరుక్కుపోయింది. "నా గొడవేంటో నాకే అర్థం కాలేదు" అని ఆవిడ అన్నది అమాయకత్వంతో కాదు. అది నిజంగానే అర్థం చేసుకోవడానికి కష్టమైన గొడవ.

అధ్యయనం పేరుతో మేం కొన్నాళ్ళు కోర్టు దగ్గర కూర్చున్నాం. వచ్చిపోయే ఆడవాళ్ళతో మాట్లాడాం. స్టాంపు పేపర్లమ్మే చోట, టైపు మిషన్ల చోట. (అప్పటికే కంప్యూటర్లొచ్చినా చెట్ల కింద టైపు మిషన్లు ఇంకా మోగుతుండేవి.) అక్కడ ఒకామె టైపు చేసేది. ముప్పై దాటిన మనిషి. వకీళ్ళు తలా తోకా లేకుండా చెప్పింది విని దావా కాగితాన్ని వరసగా పేర్చగలిగేది. ఏ సెక్షను కింద ఏం రాయాలో ఆమెకి నోటికి వచ్చు. మీరే లా చదవొచ్చు కదా అన్నాను. నవ్వింది.

"ఏడు అయినంక పెండ్లి చేసిన్రు మేడం. పిల్లలు బడికి పోవుడు మొదలైనంక అంబేద్కర్ ఓపెన్ల ఎంట్రెన్స్ రాసి బి.ఏ. చేసిన. డిగ్రీ ఉంది. ఇంటర్ లేదు. ఇంటర్ లేకుంటే లా సీటు ఇయ్యరంట కదా."

నాకు తెలీదు. మా అడ్వకేటుని అడిగితే, అవును, కొత్త రూల్సు అలాగే ఉన్నాయంది. 2008లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా న్యాయవిద్యకి కొత్త నిబంధనలు తెచ్చింది. అందులో అయిదో నిబంధన కింద ఒక వివరణ ఉంది. మామూలుగా ఉండాల్సిన అర్హత లేకుండా ఓపెన్ యూనివర్సిటీ ద్వారా నేరుగా డిగ్రీ తెచ్చుకున్నవాళ్ళు లా కోర్సుకి పనికిరారు. నేను ఆ సంగతిని నా నివేదికలో అనుబంధంలో పెట్టాను. మూడు లైన్లు. అసలు నివేదిక దూరాల గురించి కదా, అనుకున్నాను.

ఇక్కడ ఆగి కొంచెం వెనక్కి వెళ్ళాలి. న్యాయవిద్య గుమ్మం ఆడవాళ్ళకి ఎప్పుడు, ఎటువైపు నుంచి తెరుచుకుందో చూడకపోతే ఆ మూడు లైన్ల బరువు తెలియదు.

మగవాళ్ళ విషయంలో చూస్తే, ఒకప్పుడు వకీలు కావడానికి డిగ్రీ కూడా అక్కర్లేదు. టంగుటూరి ప్రకాశం సెకండ్ గ్రేడ్ ప్లీడరు పరీక్ష పాసై రాజమండ్రిలో ప్రాక్టీసు పెట్టి, బాగా సంపాదించాక లండన్ వెళ్ళి బారిస్టరై వచ్చారు. పేద ఇంటి కుర్రవాడికి ఆ చిన్న పరీక్ష ఒక పక్క తలుపు. అదే కాలంలో ఆడవాళ్ళకి పెద్ద చదువున్నా తలుపు లేదు. కార్నీలియా సొరాబ్జీ 1892లోనే ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్రం పరీక్ష రాసింది. 1916లో రెజీనా గుహ కలకత్తాలో పేరు నమోదు చేసుకోబోతే హైకోర్టు ఫుల్‌బెంచి కూర్చుని మరీ కాదంది. 1921లో పాట్నాలో సుధాంశుబాల హజ్రాకి అదే జవాబు. చట్టంలో ఉన్న 'వ్యక్తి' అనే మాటలో ఆడది ఉందా లేదా అన్నది అప్పటి గొప్ప న్యాయమీమాంస! 1923లో ప్రత్యేకంగా ఒక చట్టం చేస్తే తప్ప, కేవలం ఆడవాళ్ళయినందుకు వకీళ్ళు కాకుండా ఆపకూడదన్న మాట స్థిరపడలేదు.

అదీ బ్రిటిషిండియాలో. నిజాం రాజ్యానికి ఆ చట్టం వర్తించదు. ఇక్కడ ఇంకో గోడ ఉంది, భాష. 1880లలో పారశీకం పోయి కోర్టుల్లోకి ఉర్దూ వచ్చింది. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువంతా ఉర్దూలో. తెలుగింటి అమ్మాయికి బడే లేని చోట న్యాయశాస్త్రం మాట ఎక్కడిది? మాడపాటి హనుమంతరావు, ఆయనా వకీలే, 1928లో హైదరాబాదులో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల పెట్టారు. ఉస్మానియా దాన్ని గుర్తించలేదు. అప్పుడాయన ఏం చేశారంటే, పూనాలో కార్వే నడుపుతున్న మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం తెచ్చుకున్నారు. హైదరాబాదు నడిబొడ్డున తెలుగులో చదివిన అమ్మాయిలకి పరీక్ష పూనా వాళ్ళది. దగ్గర్లో ఉన్న యూనివర్సిటీ పనికిరాక, వందల మైళ్ళ దూరంలో ఉన్నది పనికొచ్చింది. నేను 2009లో దూరాలు కొలుస్తూ కూర్చున్నప్పుడు ఈ కథ నాకు తెలుసు. క్లాసులో చెప్పేదాన్ని కూడా. అయినా తట్టలేదు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ దారి కూడా ఇటువంటిదే. ఉప్పు సత్యాగ్రహం, జైళ్ళు అయ్యాక, బడి ఈడు ఎప్పుడో దాటిన మనిషి బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషను ప్రైవేటుగా కట్టింది. ఎక్కడి మద్రాసు, ఎక్కడి బెనారస్! అక్కడినుంచి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బి.ఏ. ఆనర్స్, 1942లో మద్రాసులో లా పట్టా. నాలుగేళ్ళలో రాజ్యాంగ సభలో ఉంది. తన దారిని తనతోనే ఆపెయ్యలేదు. 1937లో మొదలైన ఆంధ్ర మహిళా సభలో, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళని అదే బెనారస్ మెట్రిక్‌కి తయారుచేశారు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తరఫున 1958 నుంచి దేశమంతా నడిచిన కండెన్స్‌డ్ కోర్సులకి మూలం అక్కడే ఉంది. పదేళ్ళ చదువుని రెండేళ్ళలోకి కుదించి, పెళ్ళయినవాళ్ళని, భర్త పోయినవాళ్ళని, వదిలేయబడినవాళ్ళని మళ్ళీ పరీక్ష హాల్లో కూర్చోబెట్టిన కోర్సులవి. కుటుంబ న్యాయస్థానాలు కావాలని 1950లలోనే పట్టుబట్టింది కూడా ఆమే. 1981లో ఆమె పోయారు, చట్టం 1984లో వచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎంతో దూరం లేదు, సైదాబాదు దగ్గర ఐ.ఎస్. సదన్ చౌరస్తా. బస్సు కండక్టరు "ఐసదన్, ఐసదన్" అని అరిస్తే దిగిపోయేవాళ్ళమే గాని ఆ అక్షరాలేంటని ఎప్పుడైనా అనుకున్నామా? ఇందిరా సేవా సదన్. 1952లో సంగం లక్ష్మీబాయి అనాథ పిల్లల కోసం పెట్టింది. ఆమె ఘటకేసర్ వైపు పిల్ల. చదువుకోవడానికి గుంటూరు వెళ్ళింది, ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ 1922లో పెట్టిన శారదా నికేతనానికి. ఉన్నవ డబ్లిన్‌లో బారిస్టరు చదివొచ్చిన మనిషి. నిజాం రాజ్యపు తెలుగు పిల్ల, ఒక బారిస్టరు పెట్టిన ఆడపిల్లల బడిలో చదివి, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్ళి, తర్వాత మెదక్ నుంచి పార్లమెంటుకెళ్ళి, మన తూర్పు హైదరాబాదులో ఒక చౌరస్తాకి పేరై మిగిలింది. వకీళ్ళు బళ్ళు పెట్టారు. ఆ బళ్ళలో చదివిన ఆడవాళ్ళు సంస్థలు పెట్టారు. కోర్టులోకి నల్లకోటుతో వెళ్ళడం మాత్రం చాలాకాలం మగవాళ్ళ పనిగానే ఉండిపోయింది. 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి మొదటి మహిళా న్యాయమూర్తి, జస్టిస్ అమరేశ్వరి, 1978లో వచ్చారు.

గమనించండి, ఈ కథల్లో ఎవరూ తిన్నగా ముందు గుమ్మంలోంచి రాలేదు. ప్రైవేటు మెట్రిక్కు, వేరే రాష్ట్రపు యూనివర్సిటీ, కుదించిన కోర్సు, సాయంకాలపు క్లాసు. ఇది మన దగ్గరే కాదు. 1908లో బోస్టన్‌లో ఇద్దరు ఆడవాళ్ళు బార్ పరీక్షకి పాఠాలు చెప్పమని ఒక వకీలుని అడిగారు. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. అదే పోర్షియా లా స్కూలయింది, ఆడవాళ్ళ కోసమే నడిచిన లా స్కూలు. పగలంతా ఆఫీసుల్లో టైపు చేసే అమ్మాయిలు సాయంత్రం అక్కడ చదువుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికన్ బార్ అసోసియేషన్ పెద్దలు ప్రమాణాలు పడిపోతున్నాయంటూ గొడవ మొదలుపెట్టారు. 1921లో, లా బడిలో చేరాలంటే ముందు కనీసం రెండేళ్ళు కాలేజీ చదవాలన్నారు. రాత్రి బడుల మీద వాళ్ళకి మొదటినుంచీ మంట. ఆ బడుల్లో చదువుకునేది ఎవరంటే, వలస వచ్చినవాళ్ళ పిల్లలు, యూదులు, ఆడవాళ్ళు. ప్రమాణం అనే మాట ఎత్తిన ప్రతిసారీ ఎవరు బయటపడతారో చూడటం నాకు అలవాటయింది. అనుమానపు మనిషినని మా ఆయన అంటాడు.

మన 2008 నిబంధనలకి వద్దాం. వాటిని చెడ్డ ఉద్దేశంతో రాశారని నేననను. అంతకు ముందు చాలా చోట్ల లా కాలేజీ అంటే ఒక బోర్డు, రెండు గదులు, పరీక్షల ముందు మాత్రమే కనపడే విద్యార్థులు. చదవకుండా పట్టా తెచ్చుకున్న వకీలు చేతిలో పడితే ముందు నష్టపోయేది మా టీచరుగారి లాంటి కక్షిదారులే. కాబట్టి లైబ్రరీ ఉండాలి, మూట్ కోర్టు ఉండాలి, ప్రతి కాలేజీలో ఒక సీనియర్ అధ్యాపకురాలో అధ్యాపకుడో చూసుకునే న్యాయసహాయ కేంద్రం ఉండాలి అంటే చప్పట్లు కొడతాను.

కానీ వారానికి 30 గంటల క్లాసులు. హాస్టలు కాలేజీ కాకపోతే ఉదయం 8 నుంచి రాత్రి 7 లోపు. 70 శాతం హాజరు. మూడేళ్ళ కోర్సుకి 30 ఏళ్ళ వయోపరిమితి, రిజర్వేషను వర్గాలకి కొద్ది సడలింపు. ఇంటర్ లేని ఓపెన్ డిగ్రీ చెల్లదు. ఒక్కొక్కటిగా చూస్తే ఏ ఒక్కటీ ఆడవాళ్ళ మీద గురిపెట్టింది కాదు. అన్నిటినీ కలిపి, చెట్టుకింద టైపు చేసే ఆమె మీద పెట్టి చూడండి. ఏడో తరగతిలో పెళ్ళి, పిల్లలు పెద్దయ్యాక డిగ్రీ, ముప్పై దాటిన వయసు, పగలు పని, సాయంత్రం వంట. ఒక్క నిబంధన కూడా ఆమెని వదలలేదు. దర్జీ కొలతలు తీసుకుని కుట్టినట్టు సరిపోయాయి.

మగవాడికి కూడా అవే రూల్సు కదా అని మా ఆడిటరుగారు అప్పుడే అన్నారు. నిజమే. కాని మగవాడి చదువు ఆగిపోవడానికి కారణం సాధారణంగా డబ్బు. ఆడదాని చదువు పెళ్ళితో ఆగుతుంది, పురుడుతో ఆగుతుంది, అత్తగారి పక్షవాతంతో ఆగుతుంది. ఆగి ఆగి సాగే చదువు వరస తప్పుతుంది. ఆ వరసే అర్హత అంటే, వరస తప్పిన వాళ్ళందరూ అనర్హులు. ఆ వరస తప్పినవాళ్ళ కోసమే 1982లో మన హైదరాబాదులో దేశంలోకెల్లా మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై 1991లో అంబేద్కర్ పేరు పెట్టుకుంది. బడి మొహం చూడనివాళ్ళు కూడా ఒక అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చన్నది దాని గొప్పతనం. రాజ్యాంగం రాసిన న్యాయవాది పేరున్న యూనివర్సిటీ అది. అక్కడ అలా చేరి తెచ్చుకున్న పట్టా గ్రూప్ పరీక్షలకి పనికొచ్చినా నల్లకోటు దాకా రాదు. ఇంతకంటే వెక్కిరింత ఏముంటుంది?

వయోపరిమితి సంగతి మరీ విచిత్రం. పెట్టారు, మధ్యలో ఎత్తేశారు, 2016లో మళ్ళీ తెచ్చారు. 2017 మార్చిలో సుప్రీంకోర్టు ఆపింది. నేను క్లాసులో చెప్పిన ఒకమ్మాయి, ఇప్పుడు అమ్మాయి కాదనుకోండి, ఆ ఎత్తి దించే మధ్యలో రెండేళ్ళు పోగొట్టుకుని నలభై దగ్గర పడ్డాక లా పూర్తిచేసింది. హాజరు విషయం కూడా అంతే. 2018లో ఢిల్లీలో ఒక లా విద్యార్థిని పురిటివల్ల హాజరు తగ్గి, పరీక్ష రాయనివ్వమని హైకోర్టుకి వెళితే, నిబంధన నిబంధనే అన్నారు. ప్రసూతి సెలవు చట్టం గురించి మూడు గంటల పేపరు రాయాల్సిన పిల్లకి ప్రసూతి సెలవు లేదు. అదే హైకోర్టు 2025 నవంబరులో, హాజరు తక్కువైందన్న కారణంతో లా విద్యార్థిని పరీక్ష నుంచి ఆపవద్దని, ఈ హాజరు నియమాల్ని తిరిగి ఆలోచించమని బార్ కౌన్సిల్‌కి చెప్పింది. ఆ తీర్పుకి కారణమైన కేసు ఒక విద్యార్థి ఆత్మహత్య.

ఇక దూరం. నేను నమ్ముకున్న దూరం. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్.బి. నగర్‌కి మెట్రో వచ్చింది. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, విక్టోరియా మెమోరియల్ అంటూ స్టేషన్లు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సులో టికెట్టు లేదు. 2009లో నేను లెక్కగట్టిన కిలోమీటర్లు, ఛార్జీలు అన్నీ ఒక్క దెబ్బతో కొట్టుకుపోయాయి. ఇప్పుడు హయత్‌నగర్ నుంచి బషీర్‌బాగ్‌కి పైసా ఖర్చులేకుండా వెళ్ళొచ్చు. టైపు చేసే ఆమెకి దానివల్ల ఒరిగింది శూన్యం. ఆమెకి దూరం ఎప్పుడూ సమస్య కాదు. ఆమె రోజూ లా కాలేజీ ముందు నుంచే పనికి పోయేది.

మరి 2009లో ఆ కాలేజీ పెట్టి ఉంటే ఏమయ్యేది? నిజాయితీగా చెప్పాలంటే, దానికీ అవే రూల్సు. టైపు చేసే ఆమెని మేమూ చేర్చుకోలేకపోయేవాళ్ళం. ఇంటర్ పాసై, డిగ్రీ చేసి, పెళ్ళి కుదిరే దాకా ఏదో ఒకటి చదవనీ అని తల్లిదండ్రులు పంపే అమ్మాయిలు నిండేవారు. తప్పు కాదు. వాళ్ళలోంచీ మంచి వకీళ్ళొస్తారు. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో లా విభాగం నడుస్తూనే ఉంది కదా. అయినా ఆడవాళ్ళ లా కాలేజీ అనగానే ఉప్పొంగిపోయే మన స్నేహితురాళ్ళతో నాకు కొంచెం పేచీ ఉంది. కోర్టులో ఎదుటి వకీలు మగవాడు, జడ్జి ఎక్కువసార్లు మగవాడు. మూడేళ్ళు విడిగా కూర్చోబెట్టి ఆ గదిలోకి పంపడం ఎంతవరకు మంచిదో నాకింకా తేలలేదు. మా సోషియాలజీ స్నేహితురాలు మాత్రం, "మొదట నోరు తెరవడం నేర్చుకునే చోటు కావాలి, ఎదిరించడం తర్వాత" అనేది. ఆ మాటకి నా దగ్గర మంచి జవాబు లేకపోయింది.

మేం వెయ్యాల్సిన ప్రశ్న వేరు. ఈ ప్రాంతంలో లా కాలేజీ ఉందా అని కాదు, ఉన్న కాలేజీ గుమ్మం దగ్గర ఎవరు ఆగిపోతున్నారు, ఎందుకు ఆగిపోతున్నారు అని. ఆ ప్రశ్న వేసి ఉంటే, కొత్తపేట స్థలంలో కాలేజీ బదులు ఇంకేదైనా తోచేదేమో. దుర్గాబాయి చేసినట్టు, లా కాలేజీ దాకా తీసుకెళ్ళే బడి. ఇంటర్ పరీక్ష కట్టించే చోటు, లాసెట్‌కి తయారుచేసే చోటు, సాయంత్రం పిల్లల్ని చూసుకునే ఒక ఆయా. దానికి బార్ కౌన్సిల్ అనుమతి అక్కర్లేదు, మూట్ కోర్టు హాలు అక్కర్లేదు. చుట్టూ అన్ని కోచింగు సెంటర్ల బోర్డులున్న ఊళ్ళో కూర్చుని ఆ ఆలోచన మా నలుగురిలో ఒక్కరికీ రాలేదు. కాలేజీ అంటే గౌరవం, కోచింగు అంటే చిన్నచూపు. చదువుకున్న ఆడవాళ్ళ కులగర్వంలాంటిదే ఇదీ.

ఇప్పుడు ఎవరైనా కొత్త లా కాలేజీ పెట్టాలన్నా కష్టమే. 2025 ఆగస్టులో బార్ కౌన్సిల్ దేశమంతటా మూడేళ్ళపాటు కొత్త లా కాలేజీలకి అనుమతి ఆపేసింది. 2019లోనూ ఒకసారి ఇలాగే చేసింది. వెనకబడిన వర్గాల కోసం పెట్టేవాటికి, మారుమూల, గిరిజన ప్రాంతాల వాటికి ఈసారి కొంత వెసులుబాటు ఉంది. అది ఉండాల్సిందే. కానీ ఎల్.బి. నగర్ మారుమూల కాదు. మెట్రో చివరి స్టేషను. పక్కనే కోర్టు. ఏ కొలమానం ప్రకారం చూసినా అన్నీ ఉన్న ప్రాంతం. నా నివేదికని ఇవాళ కొత్త కాగితం మీద అచ్చేసినా ఎవరూ తప్పు పట్టరు.

టైపు చేసే ఆమెని నిరుడు మళ్ళీ కలిశాను. ఇప్పుడు టైపు మిషను లేదు, జిరాక్సు షాపులో ఒక మూల కంప్యూటరు ముందు కూర్చుంటుంది. కళ్ళజోడు వచ్చింది. కూతురు లా రెండో సంవత్సరం, మనవాళ్ళందరం చూసిన ఆ దగ్గర్లో కాలేజీల్లోనే ఒకదాంట్లో. పిల్ల ఇంటికి తెచ్చే నోట్సులో తప్పులు తల్లి దిద్దుతుందట. సుప్రీంకోర్టు 2024 జులైలో వకీలుగా నమోదు ఫీజు చట్టంలో ఉన్నట్టు జనరల్‌కి 750 రూపాయలు, ఎస్.సి., ఎస్.టి.లకి 125 రూపాయలు దాటకూడదంది కదా, ఆ తీర్పు జిరాక్సు తీసి పెట్టుకుంది, కూతురి కోసం అనుకున్నాను.

"నా కోసం గూడ మేడం" అంది. "ఓపెన్ స్కూల్ల ఇంటర్ కట్టిన. డిగ్రీ అయినంక ఇంటర్ రాస్తున్న. పైమెట్టు ముందుగాల ఎక్కిన, ఇప్పుడు కిందికి దిగి ఎక్కుతున్న."

డిగ్రీ తర్వాత వచ్చిన ఇంటర్‌ని సీటిచ్చేటప్పుడు లెక్కలోకి తీసుకోకపోతే ఎలా అని అడగబోయి ఆగాను. ఆ సంగతి ఆమె నాకంటే ముందే ఆలోచించుకుని ఉంటుంది, సెక్షన్లు నోటికొచ్చిన మనిషి. మిగతా సబ్జెక్టులు ఫర్వాలేదుగాని చరిత్ర పేపరంటే భయంగా ఉందని చెప్పింది. నేను చరిత్ర లెక్చరరునని ఆమెకి గుర్తుంది.

ఆదివారాలు మధ్యాహ్నం మెట్రోలో ఎల్.బి. నగర్ వెళుతున్నాను. కోర్టు మూసి ఉంటుంది, రోడ్డు కొంచెం ఖాళీగా ఉంటుంది. వాళ్ళింట్లో తల్లీ కూతురూ ఇద్దరూ నోట్సు రాసుకుంటారు. ప్రస్తుతం కాకతీయుల దగ్గర ఉన్నాం. రుద్రమదేవికి రాజ్యం ఏ హక్కు కింద వచ్చిందని పోయిన వారం కూతురు అడిగింది. తల్లి పుస్తకం మూసి, అది తర్వాత, ముందు తేదీలు చెప్పమంది.